ఇద్దరూ కలిసి చేసిన లెక్కలు

అన్న చివరిసారిగా చేసిన పని, ఎదురింటి దర్జీ కుట్టుమిషనుకు నూనె వేయడం. చక్రం తిప్పి, గుడ్డపేలిక మీద ఒక వరస కుట్టి చూశాడు. "ఇక ఇది నీకంటే ఎక్కువకాలం బతుకుతుంది బావా" అని దర్జీని ఆటపట్టించి, చేతులు కడుక్కుందామని కుళాయి దగ్గరకు వెళ్లాడు. అక్కడే కూలిపోయాడు.

వారం తర్వాత, చిన్నప్పటి లెక్కల మాస్టారు పరామర్శకు వచ్చారు. చెల్లెలు కుర్చీ వేసింది. ఆమె కూడా ఇప్పుడు టీచరే.

"బుర్ర పాదరసమమ్మా వాడిది. ఏం లాభం? కుదురు లేదు. నీకున్నంత ఉంటే ఎక్కడుండేవాడో!"

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. పోయిన మనిషికి కూడా ప్రోగ్రెస్ కార్డు రాస్తున్నాడు!

అన్న ఆమెకంటే ఏడాది పెద్ద. ఒకసారి తప్పి, తొమ్మిదిలో ఆమె పక్క బెంచీలోకి వచ్చి కూర్చున్నాడు. ఇంట్లో ఏ గడియారమో ఊడదీసి ముందేసుకుని, తలెత్తకుండానే లెక్కలు గడగడా చెప్పేసేవాడు. ఆమె మార్జిన్ గీసుకుని ముత్యాల్లా రాసుకునేది. అతనేమో మర్నాడు బడి గేటు దగ్గర నిలబడి, కోడి కెలికినట్టు కెలికేవాడు. అవే లెక్కలకు ఆమెకు 'వెరీ గుడ్', అతనికి బెత్తం. ఎందుకని అడిగితే బెంచీ ఎక్కడం. రెండోసారి తప్పాక బడి మొహం చూడలేదు.

"కుదురు నాది మాస్టారూ, లెక్కలు అన్నయ్యవి. ఇద్దర్నీ కలిపితేగానీ మీకో మంచి స్టూడెంటు తయారవలేదు. కుదురు లేదని అన్నయ్యని కొట్టారే, బుర్ర లేదని నన్నెందుకు కొట్టలేదు?"

"మెల్లగా అమ్మా..."

"ఇన్నేళ్లూ మెల్లగానే ఉన్నాను. అందుకేగా మార్కులిచ్చారు!"

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఒకసారి అనుమానం వచ్చింది. నేను చెప్పని పద్ధతిలో ఒక లెక్క, మీ ఇద్దరి పుస్తకాల్లోనూ ఉంది. వాణ్ణి స్టాఫ్ రూముకి పిలిచి, ఎవరిది చూసి ఎవరు రాశార్రా అని నిలదీశాను."

"ఏమన్నాడు?"

"చెల్లిది చూసి నేనే రాశానండీ అన్నాడు. వాడి మీద ముందునుంచే కోపం కదా, ఇట్టే నమ్మేశాను. ఆ ఏడాది వాణ్ణి తప్పించింది అందుకే."