మిర్చి గోడౌన్లో రెండు కత్తెరలు

నేను సాంస్కృతిక శాఖలో రిటైరయ్యే ముందు ఏడాది, మిర్చి కల్లాల కాలంలో, కారంపూడి అవతల ఒక ఊళ్ళో విదేశీ కళాకారుల రెసిడెన్సీకి నన్ను కోఆర్డినేటర్‌గా వేశారు. రెసిడెన్సీ అంటే బ్రహ్మపదార్థమేమీ కాదు. కళాకారులు కొన్నాళ్ళు ఊళ్ళో ఉండి, అక్కడి సరుకుతో ఏదైనా తయారుచేసి, చివర్లో ‘ఓపెన్ స్టూడియో’ పేరుతో జనానికి చూపించాలి. అది సవ్యంగా జరిగితేనే మరుసటి ఏడాదికి మంజూరు. కళాకారులను ఎంపిక చేసేది క్యూరేటర్. వాళ్ళ భోజనం, మంచం, దోమతెర చూసేది కోఆర్డినేటర్.

ఫిన్లాండ్ నుంచి వచ్చిన హెలీనా ఒక ఖాళీ గోడౌన్లో మిరపకాయలు గుట్టలుగా పోసి, వెనక ఫ్యాన్లు పెట్టింది. ఇది వాసనతో చేసిన శిల్పం అంది. సరేనన్నాను. నా సర్వీసులో అంతకన్నా వింతలు చూశాను.

అసలు గండం ఓపెన్ స్టూడియో రిబ్బను దగ్గర వచ్చింది. ఊళ్ళో రెండు వర్గాలు. ఒకదానికి కోటయ్యగారు పెద్ద, రెండోదానికి ఆయన సొంత బావమరిది బ్రహ్మయ్యగారు. పంచాయతీ ఎన్నికల్లో చెడి, ఏళ్ళ తరబడి మాటల్లేవు. తను కత్తిరించని రిబ్బను ఈ ఊళ్ళో తెగదని ఒకరు, ఎట్లా తెగదో చూస్తానని ఇంకొకరు కబురు పెట్టారు. గొడవైతే కార్యక్రమం వేరే జిల్లాకు పోతుంది, నా ఆఖరి పోస్టింగుకు మచ్చ పడుతుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

చివరికి ఒకే రిబ్బను, రెండు కత్తెరలు అన్నాను. ప్రోటోకాల్‌లో అటువంటిది లేదు. ఇద్దరూ ఒప్పుకున్నారు గానీ పోటీ ఆగితేనా! “దొరసానికి చప్పకాయలిస్తారంట్రా?” అని కోటయ్యగారు తన పొలంలోని చానా ఘాటైన కాయలు ట్రాక్టరు నిండా పంపారు. “కరెంటు పోతే ఊరి పరువు పోద్ది” అని బ్రహ్మయ్యగారు పెద్ద జనరేటర్ దింపి, ఫ్యాన్లను దానికి కలిపించారు.

హెలీనా ఆ ఫ్యాన్లను అంతకుముందు పరీక్షించింది ఊరి లో-వోల్టేజీ కరెంటు మీద. అప్పుడవి ఈగను కూడా తోలలేదు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు, నాతో సహా.

రిబ్బను తెగింది. పెద్దమనుషులిద్దరూ పక్కపక్కనే, మొహాలు చెరోవైపు పెట్టుకుని లోపలికి వెళ్ళారు. వాసన బయటికి పోకూడదని హెలీనా తలుపు మూయించి, స్విచ్ వేయించింది. జనరేటర్ గర్జించింది. అంతే! లోపల దగ్గులు, తుమ్ములు, ఆపైన ఒక గావుకేక.

“బావా! తలుపెటుంది బావా?”

“నా చెయ్యి పట్టుకో బామ్మర్దీ!”

పరుగున వెళ్ళి తలుపు తీయించాను. చేతులు పట్టుకుని, కన్నీళ్ళు కారుస్తూ ఇద్దరూ బయటికొచ్చారు. జనం చప్పట్లు కొట్టారు. ఈ పోటీలో తమ నాయకుడు గెలిస్తే కాలుద్దామని రెండు వర్గాలూ దాచుకున్న టపాకాయలు ఒక్కసారే పేలాయి. అందరి ఫోన్లలోనూ ఫొటో పడింది. ఇక రాజీ కాలేదనడానికి లేదు.

కోటయ్యగారి భార్య, అంటే బ్రహ్మయ్యగారి అక్క, మజ్జిగ చెంబుతో వచ్చింది. “ఇన్నేళ్ళు నేనేడిస్తే పట్టలేదు. మీరేడిస్తే గానీ నోళ్ళు పెగల్లేదా? మళ్ళీ మాటలు మానేశారంటే ఇద్దర్నీ ఆ గోడౌన్లోకి తోసి గడియ పెడతా!” అంది.

నివేదికలో ‘ప్రేక్షకుల స్పందన’ దగ్గర, కంటతడి పెట్టారని రాశాను. అబద్ధం కాదుగా. మరుసటి ఏడాదికీ మంజూరైంది.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఒక్కటే. కళాఖండం అర్థం కాకపోయినా ఫర్వాలేదు. రిబ్బను కట్టేముందు జనరేటర్ మీద ఫ్యాన్లు వేసి చూడాలి.