అరబా పాడుచేసిన పట్టు గౌను

తాను కుట్టిన బట్ట బాగా వచ్చిందని అరబా నోట ఎవరూ వినలేదు. ఆఖరి దారం పంటితో తెంపుతుంది. గౌనును ఎత్తి వెలుగుకు పట్టి చూస్తుంది. "పాడైపోయింది" అంటుంది. ఘనా తీరంలోని సాల్ట్‌పాండ్ బజారులో చేపల వాసనను ఎవరూ పట్టించుకోనట్టే ఆ మాటనూ ఎవరూ పట్టించుకోరు.

కొట్టుకు బోర్డు రాయించినప్పుడు పెయింటరు నిచ్చెన దిగి, ఎలా ఉందని అడిగాడు. అరబా వీధి అవతలి దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి చూసి, పాడైపోయిందని చెప్పింది. అతను నొచ్చుకున్నాడు. ఎదురుగా కెంకీ ముద్దలు అమ్మే బెంట్సివా అతన్ని పిలిచి, అది మెచ్చుకోవడమేనని ఓదార్చి పంపింది.

బెంట్సివాకు ఆ భాష బాగా తెలుసు. మొక్కజొన్న పిండి ముద్దలను అరటాకుల్లో చుడుతూ ఆమె రోజంతా అటే చూస్తూ ఉంటుంది. అరబా ఊరికే పాడైపోయిందంటే ఆ గౌను చర్చికి సరిపోతుంది. తల కొట్టుకుంటూ అంటే ఊరంతా ముస్తాబై వచ్చే పెద్దవాళ్ళ అంత్యక్రియలకు వేసుకుపోవచ్చు. స్టూలు మీద కూలబడి అందంటే, చూడటానికి పక్క ఊరి నుంచి వస్తారు. బట్టలు తీసుకెళ్ళడానికి వచ్చే ఆడవాళ్ళు ముందు కెంకీ గంప దగ్గరే ఆగేవారు.

"నా గౌను సంగతేమిటి?"

"కూలబడింది."

"అమ్మయ్య."

ఇంత బాగా కుట్టి బాగోలేదనడం ఎందుకన్నది మాత్రం బెంట్సివాకు అంతుపట్టలేదు. అడిగితే అరబా ఒకసారి సూదిని తిట్టేది, ఒకసారి మిషనును, ఒకసారి సముద్రపు గాలిని. తనది కాని తప్పు కూడా నెత్తిన వేసుకునేది. క్లినిక్ నర్సు ఒళ్ళు చేసి, హుక్కులు పట్టని గౌను తెచ్చినప్పుడు, "నేను అప్పుడే చెప్పలేదూ పాడైపోయిందని?" అంటూ కుట్లు విప్పి వదులు చేసి ఇచ్చింది. బెంట్సివా నీలం జాకెట్టూ అంతే. నాలుగో కాన్పు తరువాత అది ఎక్కడం మానేసింది. గుడ్డ నాసిరకమనీ, ఉతికితే ముడుచుకుపోయిందనీ చెప్పి అరబా వదులు చేసి ఇచ్చింది. బెంట్సివా ఆ గుడ్డ అమ్మినవాడితో ఇప్పటికీ మాట్లాడదు.

ఇలా ఉండగా మాన్సా కూతురికి పెళ్ళి కుదిరింది.

చిన్నప్పుడు వచ్చిన జ్వరంతో మాన్సా ఎడమ కాలు కుడి కాలంత పెరగలేదు. చర్చికి అందరికంటే ముందు వెళ్ళి కూర్చుంటుంది. అందరూ వెళ్ళాక లేస్తుంది. ఆమె గౌన్లన్నీ అరబాయే కుడుతుంది. అంచును ఎడమ పక్క కొంచెం పైకి కోస్తే, నిలబడినప్పుడు చుట్టూ సమంగా కనిపిస్తుంది. అచ్చు వేసిన నూలు గుడ్డ బిరుసుగా ఉండి, మడిచినట్టు నిలుస్తుంది. ఈసారి పెళ్ళికొడుకు ఇంటివారు పెట్టిన సారెలో పట్టు వచ్చింది. అది కట్టుకోక తప్పదు. పెళ్ళికూతురి తల్లి చర్చి గుమ్మం నుంచి ముందు వరుస దాకా నాట్యం చేస్తూ రావాలి. అదీ తప్పదు. కాలు తెలిసిపోయేట్టుంటే తన బదులు చెల్లెల్ని నడిపిస్తానని మాన్సా ముందే చెప్పి గుడ్డ ఇచ్చింది.

అరబా ఆ పట్టును ఏటవాలుగా కోసింది. అలా కోసిన పట్టును వేలాడదీసి, దిగేదంతా దిగాక అంచు మడవాలి. అరబాకు అది తెలుసు. కానీ రంగు చూసిన మురిపెంలో ముందే మడిచేసి, కొట్టులోని దర్జీ బొమ్మకు తొడిగి ఇంటికి పోయింది. తెల్లారేసరికి అంచు కుడివైపు జారి నేలను తాకుతోంది. ఆ పక్క కోసింది. మధ్యాహ్నానికి ఎడమ పక్క దిగింది. అదీ కోసింది. ఇటు కోస్తే అటు, అటు కోస్తే ఇటు దిగుతూ పోయి, చివరికి పట్టు తనంతట తానే ఆగింది. అప్పటికి కుడి అంచు చీలమండ దగ్గర, ఎడమ అంచు పిక్క మీద ఉన్నాయి. ఇంకా సరిచేయబోతే పెళ్ళికూతురి తల్లి మోకాళ్ళు పాస్టరుకు కనిపిస్తాయి.

అరబా చాలాసేపు ఆ గౌనును చూసింది. తల కొట్టుకోలేదు, కూలబడలేదు. బెంట్సివా ఆకు చుట్టడం ఆపి, ఎలా వచ్చిందని కేకేసి అడిగింది.

"బాగుంది" అంది అరబా.

బెంట్సివా చేతిలోని కెంకీ మురుగు కాలవలో పడింది.

ఆ వార్త చేపల బజారు దాకా పాకింది. ఇద్దరు వచ్చి అరబా నుదురు తాకి చూశారు. ఒకామె మిరియాల చారు తెచ్చింది. అందరూ వెళ్ళాక బెంట్సివా లోపలికి వచ్చి గౌను చూసింది. చూసి తలుపు దగ్గరికి వేసింది.

"ఇది నిజంగానే పాడైంది కదే."

"అందుకే నోరు రావడం లేదు" అంది అరబా. "నిజంగా పాడైనదాన్ని పట్టుకుని పాడైందని ఎట్లా అనను?"

సాయంత్రం మాన్సా వచ్చింది. తెర వెనుక గౌను తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. బెంట్సివా తెర ఇవతల ఉప్పు అడగడానికి వచ్చినట్టు నిలబడింది.

"కాలు తెలిసిపోతోంది అక్కా" అంది మాన్సా. "చెల్లెలికి కబురు చేస్తాను."

"ఏ కాలు?"

"నాదే. ఇంకెవరిది?"

అరబా ఆమె చేత గౌను విప్పించి మళ్ళీ బొమ్మకు తొడిగింది. బొమ్మను మాన్సా ముందుకు జరిపింది.

"దీనికి నడుము కింద ఏముంది?"

"కర్ర."

"ఒక్కటే కర్ర. పొట్టిదని ఒకటీ, పొడుగుదని ఒకటీ లేవు. దీని మీదా అంచు వంకరే కదా? మరి నా తప్పును నీ కాలి మీదకి తోస్తావేం? పాడుచేసింది నేను." అరబా స్టూలు మీద కూలబడింది. "పాడైపోయింది మాన్సా, పూర్తిగా పాడైపోయింది. ఎవరడిగినా నా పేరు చెప్పు. అరబా పాడుచేసింది అను."

మాన్సా వంగి ఆ కర్రను తట్టి చూసింది. తరువాత పెదవి చివర నవ్వు మొదలైంది.

"ఎవరడిగినా?"

"పాస్టరు అడిగినా."

తెర ఇవతల బెంట్సివాకు నర్సు గుర్తొచ్చింది. ఆపరేషనులో రొమ్ము ఒకటి తీసేసిన టీచరమ్మ గుర్తొచ్చింది. ఆమె జాకెట్టు ఎడమ పక్క కుదరలేదని, అరబా తన చేతినే వారమంతా తిట్టుకుంది. బెంట్సివా మెల్లగా తన నడుము తడుముకుంది. అయితే ఆ నీలం గుడ్డ ముడుచుకుపోలేదన్నమాట. ఆమె ఉప్పు అడగకుండానే బయటికి వచ్చింది.

పెళ్ళిరోజున మాన్సా గుమ్మం దగ్గర కాసేపు ఆగింది. డప్పు మొదలైంది. నడిచింది. ఒంటి వాలుతో అంచు పైకి లేచి, కుడి పక్కకు జారి, మళ్ళీ లేచింది. ఏది గౌను వంపో, ఏది కాలి వంపో ఎవరికీ తెలియలేదు. ముందు వరుస చేరాక ఆగవలసిన మనిషి, వెనక్కి తిరిగి గుమ్మం దాకా వెళ్ళి, ఇంకోసారి వచ్చింది. చెయ్యి పట్టుకుని ఎవరు కుట్టారని అడిగిన ప్రతి ఆడమనిషికీ నాట్యం ఆపకుండానే జవాబు చెప్పింది.

"అరబా పాడుచేసింది."

ఆ ఊళ్ళో ప్రతి కొత్త కుట్టుకూ ఆడవాళ్ళు ఒక పేరు పెడతారు. ఈ కుట్టుకు పేరు వెతుక్కోవలసిన పని లేకపోయింది. మరుసటి వారం కొట్టు ముందు ఆడవాళ్ళు నిలబడి, తమకూ ఒక "అరబా పాడుచేసింది" కావాలని, ఎడమకు వాలితే మేలని అడిగారు. అరబా గుడ్డ ఏటవాలుగా కోసి, ముందే అంచు మడిచి, వేలాడదీసి పోయింది. తెల్లారి చూస్తే అంచు దారం పట్టి గీసినట్టు తిన్నగా ఉంది.

"పాడైపోయింది" అంది తల కొట్టుకుంటూ.

బెంట్సివా గంప మీద గుడ్డ కప్పి వీధి దాటింది. చేతిలో నీలం జాకెట్టు ఉంది.

"మళ్ళీ ముడుచుకుపోయిందే అరబా" అంది.

అరబా దాన్ని వెలుగుకు పట్టింది. అటూ ఇటూ తిప్పి చూసింది.

"పాడు గుడ్డ" అంటూ కత్తెర అందుకుంది.