మొహం చూడని మర్యాద

వైద్య కళాశాల శవాల గదిలో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషిని అందరూ ముల్లా అనే పిలిచేవారు. నిజానికి ముల్లా కాదు, పూట తప్పకుండా నమాజు చేసేవాడు, అంతే. పక్కనే గ్రంథాలయంలో నా ఉద్యోగం కాబట్టి అతని సంగతి నాకు దగ్గరగా తెలుసు.

దిక్కులేని శవం రాగానే కళ్ళు పక్కకు తిప్పుకుని ముందు మొహానికి గుడ్డ కట్టేవాడు. ఆ తర్వాతే కడిగి, మందునీళ్ళ తొట్టిలోకి దించేవాడు. చూడొద్దని చెప్పలేని వాడి మొహంలోకి తేరిపార చూడటం అమర్యాద అని అతని పట్టుదల.

పెద్ద డాక్టరుకి ఇదో తమాషా.

"ఎవరికయ్యా ఈ మర్యాద? మనిషంటే కాసిని నీళ్ళు, కాస్త సున్నం, చిటికెడు ఇనుము. ప్రేమా, పాపభయమూ మెదడులో రసాయనాలు. అది ఆగితే మనిషి అయిపోయినట్టే."

"మట్టేనని మా గ్రంథమూ చెబుతుంది సార్. ఆ మట్టిలో దేవుడు ఊపిరి ఊదాడనీ చెబుతుంది. మట్టి దాకా మీరూ నేనూ ఒకే బస్సు. మీరు ముందు స్టాపులో దిగిపోయారు."

"ఆ ఊపిరి పెట్టుకుని మనిషి ఇంత వెధవ ఎలా అయ్యాడోయ్?"

"పుట్టడం శుభ్రంగానే పుడతాడు సార్. లోపలి కోరిక గుంజుతుంది. పక్కనున్నవాళ్ళం ఓ చెయ్యి వేస్తాం."

ఆ మాట దగ్గర ముల్లా గొంతు తగ్గేది. తాగొచ్చిన అన్నను తొమ్మిదేళ్ళ కిందట మెడపట్టి గెంటింది తనే. ఆ తర్వాత అతను వెతకని వీధి లేదు. పోయి ఉంటే కనీసం తన చేతులారా పాతిపెట్టాలన్న కోరిక ఒక్కటే మిగిలింది.

ఆ ఏడాది రెండో బల్ల మీది శవానికి విద్యార్థులు ముందు చేతులూ కాళ్ళూ కోశారు, తర్వాత రొమ్ము, పొట్ట. తీసినవన్నీ ముల్లాయే బకెట్లో మోసి ఆసుపత్రి చెత్త కాల్చే కొలిమిలో వేశాడు. ఏడో నెలలో తల వంతు వచ్చింది. గుడ్డ విప్పి, కదలకుండా పట్టుకోమన్నారు. ఎడమ చెవి తమ్మె చీలి ఉంది. చిన్నప్పుడు కొట్లాటలో కొరికింది తనే.

"మా అన్న," అన్నాడు.

పెద్ద డాక్టరు వచ్చి వంగి చూశారు.

"ఏడు నెలలు నీ చేతుల్లోనే ఉన్నాడు కదయ్యా. ఆ ఊపిరి ఒక్క మాటైనా చెప్పలేదా?"

"ఇచ్చెయ్యండి సార్, పాతిపెట్టుకుంటాను."

"అయినవాళ్ళు శవాన్ని అడగడానికి గడువుంటుంది, అప్పుడే అడగాల్సింది. నేనైతే వచ్చినరోజే మొహం చూసేవాణ్ణి. పరీక్షలయ్యాక మిగిలింది తీసుకుపో. గట్టిగా పట్టుకో, పిల్లలు కోయాలి."

పట్టుకున్నాడు. తను వదిలేసి వెళ్ళిపోతే ఇంకెవరో మిగతాదీ కొలిమిలో వేస్తారు. ఆ రోజు నుంచి ప్రతి ముక్కా ఒక చెక్కపెట్టెలో దాచాడు.

పరీక్షలయ్యాక ముల్లా, నేనూ ఆ పెట్టె మోసుకుని ఖబరస్తానుకు వెళ్ళాం. గోతులు తవ్వేవాడు పార కర్రతో పెట్టె పొడవు కొలిచి, అయ్యో అన్నట్టు తలూపాడు.

"ఎన్నేళ్ళ బిడ్డ, భాయ్?"

"అరవై రెండు," అన్నాడు ముల్లా.