గీత ముందు ఖైదీ

డెడ్‌లైన్ అన్న మాట బాబాయ్ చెవిన పడకూడదు. పడిందా, అన్నవాడి చెయ్యి పట్టుకుని, దాని పుట్టుక చెప్పందే వదలడు.

ఆ సాయంకాల పత్రికలో ప్రూఫులు దిద్దే పెద్దాయన్ని అందరూ బాబాయ్ అనే పిలుస్తారు.

"పూర్వం యుద్ధఖైదీల జైల్లో కంచెకి ఇవతల ఓ గీత ఉండేదయ్యా. దాటితే కాపలావాడు కాల్చేసేవాడు. అదీ డెడ్‌లైన్! మనకి తుపాకీ ఏదీ?"

ఈ బాధ పడలేక మేనేజరు గోడమీద 'చివరి గడువు' అని రాయించాడు. బాబాయ్ ఆయన్నీ వదల్లేదు. "ఇక్కడ ఏ మాట ఉండాల్సిందో తెలుసా?"

కుర్ర సబ్‌ఎడిటర్‌కి ఇదంతా ఒళ్లు మంట. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగే రకం అనుకునేవాడు. పైగా ఆ మధ్యాహ్నం అతని ఉద్యోగమే అంటుకుని ఉంది. ఇంకోసారి పేజీ ఆలస్యమైతే రేపట్నించి రానక్కర్లేదని పొద్దున్నే ఎడిటర్ చెప్పేశాడు.

పేజీ పంపబోతూ ఆఖరిసారి చూశాడు. సంతాప వార్తలో పోయినాయన ఫోటో లేదు. ఆ చోట సంతాపం తెలిపిన సంఘాధ్యక్షుడు నవ్వుతున్నాడు.

"బతికున్నవాణ్ణి చంపేశాను!" అంటూ మళ్లీ కంప్యూటర్ మీద పడ్డాడు.

అప్పుడే ప్రెస్ ఫోర్‌మన్ ఊడిపడ్డాడు. "పేజీ ఏదీ? డెడ్‌లైన్ దాటింది! ఎడిటర్‌కి చెప్పేస్తా!"

"ఏమన్నావూ?" అని బాబాయ్ గుమ్మంలోనే చెయ్యి పట్టుకున్నాడు.

"నీకు దణ్ణం పెడతా, వదులు బాబాయ్!"

"ఉండవయ్యా. ఆ జైల్లో ఓ ఖైదీ. వాడికో తల్లి, పెళ్లికెదిగిన చెల్లెలు, మోకాళ్ల నొప్పి..."

కుర్రవాడు పళ్లు నూరుతూ తలెత్తాడు. బాబాయ్ ఫోర్‌మన్‌కి ఎదురుగా తలుపంత వెడల్పున నిలబడి, కథ చెబుతూనే వెనక్కి ఓరకంట చూస్తున్నాడు. కంప్యూటర్ వైపు. అప్పుడు తట్టింది. ఈయన ఆలస్యం చేసినవాడికి ఈ కథ ఏనాడూ చెప్పలేదు. చెప్పిందల్లా వాడి నెత్తిన నిలబడ్డవాడికే!

ఇక చేతులు ఆగలేదు. ఖైదీ గీత దగ్గరికొచ్చి కాలెత్తేసరికి పోయినాయన తన చోటికి వచ్చేశాడు.

"పేజీ అయింది, బాబాయ్!"

బాబాయ్ ఠక్కున చెయ్యి వదిలేశాడు. ఫోర్‌మన్ పేజీ తీసుకుని మెట్లదాకా వెళ్లి, ఉండబట్టలేక వెనక్కొచ్చాడు.

"ఇంతకీ వాడు గీత దాటాడా?"

"ఏమోనయ్యా," అన్నాడు బాబాయ్, కళ్లద్దాలు సర్దుకుంటూ. "అంతదాకా ఎప్పుడూ చెప్పలేదు. ఈలోగా పేజీ వచ్చేస్తుంది."