నెత్తురు గడ్డ అనుకున్నాను

నేను చేపలు కొయ్యడం మానేశానని మీ నాన్న మీతో చెప్పాడట. మొన్న ఫోనులో చిన్నది అడిగింది, "మామ్మా, నువ్వు చేపలు మానేశావా?" అని. మానెయ్యలేదమ్మా. జరిగింది వేరు. ఫోనులో చెబితే మధ్యలో మీరు నవ్వుతారు, నేను ఆగిపోతాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

తాడేపల్లిగూడెంలో ఇంటర్ బైపీసీ చదివాను. పెళ్ళయి పెదపాడు దగ్గర ఈ ఊరు వచ్చాక మళ్ళీ పుస్తకం ముట్టలేదు. అరవై రెండో ఏట ఏలూరులో డిగ్రీలో చేరతానంటే, కాలేజీ ఆఫీసులో ఆయన నా వయసు రెండుసార్లు అడిగి, చివరికి చేర్చుకున్నారు. మా కాలేజీలో బయాలజీ తీసుకున్నవాళ్ళు మొదటి ఏడాది ఇంకో చిన్న కోర్సు కూడా చెయ్యాలి. నేను డ్రాయింగ్ తీసుకున్నాను. ఇన్నేళ్ళు ముగ్గులు పెట్టిన చెయ్యి కదా, అది తేలికే అనుకున్నాను. మోకాలి నొప్పితో నేను రోజూ బస్సులో తిరగడం మీ తాతగారికి ఇష్టం లేదు. మొదటి సెమిస్టర్‌లో ఒక్క సబ్జెక్టు పోయినా మానేస్తానని నేనే ఆయనకి మాటిచ్చాను.

డ్రాయింగ్ క్లాసులో మొదటి రోజు బల్ల మీద ఇత్తడి చెంబు పెట్టి గియ్యమన్నారు. అందరికంటే ముందు నాదే అయింది. మాస్టారికి మీ నాన్న వయసుంటుంది. నా కాగితం చూసి, "మామ్మగారూ, చెంబు మూతి గుండ్రంగా వేశారు. మీరు కూర్చున్న చోటు నుంచి మొత్తం గుండ్రం కనిపిస్తోందాండీ?" అన్నారు. చూశాను. కనిపించడం లేదు. సన్నగా, కోడిగుడ్డుని పక్కకి పడుకోబెట్టినట్టుంది. రోజూ నీళ్ళు ముంచుకునే చెంబుని నేనెప్పుడూ చూడలేదన్నమాట. "చేతికి తెలిసింది కాదండీ, కంటికి కనబడింది గియ్యండి" అని ఆయన పక్క బల్లకి వెళ్ళిపోయారు.

అంతకంటే పెద్ద దెబ్బ బయాలజీ ల్యాబ్‌లో తగిలింది. ఆ రోజు ప్రాక్టికల్‌కి ఒక్కొక్కరికి ఒక్కో శీలావతి చేపని ట్రేలో పెట్టి ఇచ్చారు. కడుపు తెరిచి, లోపల ఏది ఎక్కడుందో చూసి, రికార్డులో బొమ్మ గియ్యాలి. మేడంగారు బోర్డు మీద వివరిస్తున్నారు. నేను వింటూనే ఉన్నాను. చేప మాత్రం చేతిలోకి వచ్చేసింది. వేళ్ళు జారుతుంటే పక్కనున్న అమ్మాయిని, "కాస్త బూడిద ఉందా అమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల నా ట్రే వైపు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పుడు నేనూ కిందకి చూశాను.

పొలుసు తీసేసి ఉంది. మొప్పలు లేవు. పేగులన్నీ కాళ్ళ దగ్గర బకెట్లో ఉన్నాయి. పైగా చేపకి రెండు వైపులా, ఉప్పూ కారం పట్టడానికి, మూడేసి గాట్లు కూడా పెట్టేశాను.

మేడంగారు వచ్చి నిలబడ్డారు. కోప్పడితే బాగుండేది. "ఇందులో ఇక చూడ్డానికి ఏం మిగిలిందండీ?" అని మెల్లిగా అన్నారు. వెనక నుంచి ఎవరో, "చింతపండు కూడా నానబెట్టారా మామ్మగారూ?" అన్నారు. క్లాసంతా నవ్వారు. నేనూ నవ్వబోయాను గానీ రాలేదు. ల్యాబ్‌లో ఇంకో చేప లేదు. ఏ చేపదైనా సరే, సోమవారంలోగా బొమ్మ చూపించకపోతే రికార్డు మీద సంతకం ఉండదు. సంతకం లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. మీ తాతగారికిచ్చిన మాట ఉండనే ఉంది.

ఆదివారం పొద్దున్నే చేపల ఆవిడ దగ్గరికి వెళ్ళి కొరమీను అడిగాను. బతికున్నది ఇయ్యి, కొయ్యొద్దు అన్నాను. ఆవిడ కత్తిపీట పక్కకి జరిపి, "ఏటండీ, నా కోత నచ్చట్లేదేటండీ?" అంది. కాలేజీకి అని చెబితే నమ్మలేదు.

ఇంటికి తెచ్చి, ఎప్పటిలాగే తల మీద రోకలితో ఒక్కటి వేశాను. కదలడం ఆగిపోయింది. పెరట్లో పీట మీద కూర్చుని, మేడంగారు చెప్పినట్టు కత్తెరతో కింద నుంచి పైకి, లోతుగా దిగకుండా కత్తిరించుకుంటూ వచ్చాను. పేగులు, కాలేయం, గాలితిత్తి, అన్నీ పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. ఒక్కోటీ చూసి గీసుకున్నాను. మొప్పల కిందకి వచ్చేసరికి ఎర్రటి ముద్ద కనిపించింది. అది నాకు తెలిసిందే. కాపరానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు చేప కొయ్యడం నేర్పుతూ, "మొప్పలతో పాటు ఆ నెత్తురు గడ్డ కూడా లాగెయ్యి, లేకపోతే కూర నీచు కొడుతుంది" అన్నారు. అప్పటి నుంచీ లాగేసి పిల్లికి వేస్తూనే ఉన్నాను.

ఆ నెత్తురు గడ్డ కదిలింది.

చెయ్యి వెనక్కి తీసేశాను. నా కళ్ళే అదిరాయేమో అనుకున్నాను. మళ్ళీ కదిలింది. చింతగింజంత ఉంటుంది, కొసన చిన్న తెల్లటి ముడి. ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది. పుస్తకం తీసి చూశాను. గుండె అని రాసుంది, సరిగ్గా అక్కడే, గొంతు కింద. చేప ఎప్పుడో చచ్చిపోయింది. దాని గుండెకి ఇంకా ఆ సంగతి తెలియలేదు.

నలభై ఏళ్ళ పైన నేను రెండు వేళ్ళతో లాగేసినవి ఇవేనా? వాటిలో ఎన్ని అప్పటికీ కొట్టుకుంటూ ఉన్నాయో. మీ తాతగారు అటుగా వచ్చి, "ఏంటే అలా అయిపోయావు, చెయ్యి తెగిందా?" అన్నారు. చూపించాను. ఆయన వంగి చూసి, పక్కన నేల మీదే కూర్చుండిపోయారు. కత్తెర పక్కన పెట్టి పెన్సిలు నా చేతికిచ్చి, "మరి గియ్యవే, ఆగిపోతుందేమో" అన్నారు.

గీశాను. ముడుచుకున్నప్పుడు ఒక రకంగా ఉంది, విచ్చుకున్నప్పుడు ఇంకో రకంగా ఉంది. రెండూ కనబడ్డాయి కాబట్టి రెండూ వేశాను. గీయడం అయిపోయాక కూడా కాసేపు కొట్టుకుని, ఆగిపోయింది.

సోమవారం మేడంగారు రికార్డు చూసి, "గుండెలు రెండు వేశారేంటండీ? ఒకటి చెరిపెయ్యండి, సంతకం పెడతాను" అన్నారు. రబ్బరు తీసుకున్నాను. ఏది చెరపాలో తెలియలేదు. ఒకటి చెరిపితే అది ఆగిపోయినట్టుంటుంది. సంతకం పోతే పోయిందని రబ్బరు బల్ల మీద పెట్టేసి, "ఒకటేనండి. కొట్టుకుంటోందండి" అన్నాను.

ఆవిడ నా మొహం వంక చూశారు. తరువాత పెన్ను తీసి, ఒక బొమ్మ కింద సంకోచం అని, రెండో దాని కింద వ్యాకోచం అని తనే రాసి, సంతకం పెట్టారు. పరీక్ష పాసయ్యాను. ఇప్పుడు రెండో సెమిస్టర్.

చేపలు కొయ్యడం మానెయ్యలేదర్రా. మొప్పల దాకా వచ్చాక మాత్రం చెయ్యి ఆగుతోంది. చూస్తాను. కదులుతుంటే ఆగేదాకా కూర్చుంటాను. దానివల్ల ఆదివారం పులుసు ఆలస్యమవుతోంది. మీ తాతగారు ఆకలేస్తోందని అనడం లేదు. వచ్చి పక్కన కూర్చుంటున్నారు.