ఎల్‌బీ నగర్‌లో విశ్వశక్తుల విలీనం

విశ్వరహస్యం విప్పబోయి నడిరోడ్డు మీద ప్రాణం మీదికి తెచ్చుకున్నవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. మీరు హాయిగా నవ్వుకోండి. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. నేను గుంటూరు నుంచి వచ్చి, మన్సూరాబాద్‌లో గది అద్దెకు తీసుకుని, భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. ఇంటి యజమాని యాదయ్య గారిది నల్గొండ దగ్గర పల్లె. నేను కాగితాల మీద ఏం గీకుతున్నానో ఆయనకు తెలియదు. అయినా కాలనీ అంతా "మా ఇంట్ల సైంటిస్టున్నడు" అని చెప్పుకునేవారు.

ఒక బంద్ రోజు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు, రోడ్డు మీదే భోజనాలు. యాదయ్య గారు నన్నూ వెంటబెట్టుకెళ్ళి, మైకు చేతికిచ్చి, నా పనేమిటో నాలుగు మాటలు చెప్పమన్నారు. మైకు దొరికిన మేధావి ఊరుకుంటాడా?

"విశ్వం పుట్టినప్పుడు శక్తులన్నీ ఒక్కటిగానే ఉండేవండీ. తర్వాత విడిపోయాయి. వాటిని తిరిగి కలపడమే నా పని," అన్నాను.

సాంబారు కలుపుతున్నాయన గరిటె ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. నా 'అండీ' ఒక్కటే గాలిలో వేలాడుతోంది.

"ఎవలు కలపమన్నరు నిన్ను?" యాదయ్య గారు మెల్లగా అడిగారు.

"మా గైడు గారండీ."

"ఏ ఊరాయనది?"

"విజయవాడండీ."

జనంలో గుసగుసలు లేచాయి. నేను చెప్పేది కంటికి కనపడని కణాల గురించని సర్దిచెప్పబోయి, అవి మళ్ళీ కలవాలంటే విపరీతంగా వేడెక్కాలని కూడా అనేశాను. ముందు వరసలో ఒకాయన చొక్కా చేతులు మడిచాడు. నా గది, నా థీసిస్, నా పళ్ళు మూడూ ఒకేసారి కళ్ళముందు మెదిలాయి.

అప్పుడు ఉల్లిగడ్డలు కోస్తున్న యాదయ్య గారి తల్లి తలెత్తింది.

"ఎన్నేండ్ల సంది కలుపుతున్నవ్ బిడ్డా?"

"నేను ఆరేళ్ళుగా, అమ్మా. పెద్దపెద్దవాళ్ళయితే నేను పుట్టకముందు నుంచీ."

"కలిసినయా?"

"లేదమ్మా."

ఆమె జనం వైపు తిరిగింది. "ఇన్నరా? సైంటిస్టే చెప్తుండు. ఎంత చదివినోళ్ళు కలిపినా కలవయట."

చౌరస్తా చప్పట్లతో దద్దరిల్లింది. చేతులు మడిచినాయనే నా మెడలో కండువా వేశాడు. మర్నాడు పేపర్లో నా ఫోటో కింద 'కలవడం అసాధ్యం: శాస్త్రవేత్త' అని పడింది. అది చూసి మా గైడు గారు, ఆరేళ్ళలో నేను తేల్చిన మొదటి ఫలితం ఇదేనన్నారు.

ఆ క్షణమే నిండు మనసుతో ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట ఎవరేం పని చేస్తావని అడిగినా ట్యూషన్లు చెబుతానంటాను. సాక్షాత్తు విశ్వమే వచ్చి బతిమాలినా సరే, మైకు మాత్రం ముట్టుకోను.