చెయ్యేసిన బండి

మా మామ పోయాడు. దవాఖానలో కాదు, ఇంట్లో కాదు, షేర్ ఆటోలో కూర్చునే పోయాడు. మహబూబ్‌నగర్‌లో డయాలసిస్ చేయించుకుని, బస్సు దిగి, చౌరస్తా నుంచి ఊరికి వస్తుంటే మధ్యలో ప్రాణం పోయిందట. పక్కన కూర్చున్నామె ముసలాయన కునుకు తీస్తున్నాడనుకుని, తన భుజం మీదికి ఒరిగిన తలను అట్లాగే ఉండనిచ్చింది. ఆటో డ్రైవర్ ఫోన్ చేసేసరికి నేను షాద్‌నగర్‌లో కంపెనీ డ్యూటీలో ఉన్నాను. పోయినవాళ్ల గురించి మంచి మాటలే రాయాలంటారు. ఆయన గురించి మంచి మాటలే ఉన్నాయి. నా గురించే లేవు.

మామ అమ్మకు అన్న. నా ఆరో ఏట నాయిన పోతే మమ్మల్నిద్దరినీ తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయనకు గొర్రెల మంద ఉండేది. గొర్రెలని అనేవాడు కాదు, జీవాలనేవాడు. ఎండాకాలం మందను అచ్చంపేట దిక్కు అడవి అంచుకు తోలుకుపోయి, వచ్చేటప్పుడు గొంగడి కొంగులో నాకు తునికి పండ్లు మూటగట్టుకొచ్చేవాడు. నేను పది పాసైతే నోరు తెరిచి మెచ్చుకోలేదు. కొత్త గొంగడి తెచ్చి, "వానల పుస్తకాలు తడిపినవంటే చూడు" అని బెదిరించాడు. ఆయన ప్రేమంతా గట్లనే, బెదిరింపుల్లోనే ఉండేది.

అంగడికి నన్ను వెంట తీసుకుపోయేవాడు. జీవం నోరు తెరిచి పండ్లు చూసి వయసు పట్టేవాడు, వీపు నిమిరేవాడు, కాళ్లు నొక్కేవాడు. అన్నీ నచ్చితే దాని వీపు మీద అరచెయ్యి వేసేవాడు. చెయ్యి పడిందంటే బేరం అయిపోయినట్టే. ఆ తర్వాత ఎవరొచ్చి ఎంత ఆశ పెట్టినా అమ్మేవాడు కదలకూడదు, కొనేవాడు పక్క మందవైపు చూడకూడదు. "చెయ్యేసుడంటే మాటిచ్చుడేరా" అనేవాడు.

రెండేళ్ల కింద ఆయన కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడు సార్లు మహబూబ్‌నగర్ పోవాలి. పొయ్యేటప్పుడు ఎట్లాగో పోయేవాడు, వచ్చేటప్పుడే నడుము నిలిచేది కాదు. ఏడు సీట్ల పెద్ద కారు కొందామనుకున్నది ప్రధానంగా అందుకే. ఆయనను వెంటబెట్టుకునే షోరూముకు పోయాను.

షోరూము వెనక జాగాలో పోయినేటి మాడల్ ఒకటి మిగిలి ఉంది. ఇటుక రంగు. ఆ రంగు ఎవరికీ నచ్చలేదట, నెలల తరబడి దుమ్ముకొట్టుకుని నిలబడి ఉంది. కావాలంటే రెండు రోజుల్లో ఇస్తామన్నాడు సేల్స్ అబ్బాయి. మామ దాని చుట్టూ రెండు సార్లు తిరిగాడు. టైర్లు నొక్కాడు. ఎడమ లైటు పక్కన గీత పడి ఉంటే వేలితో తడిమాడు. "దీని పండ్లు ఏడ చూడాలె బిడ్డా?" అని అడిగితే ఆ అబ్బాయి పడిపడి నవ్వాడు. తర్వాత మామ వెనక సీటులోకి ఎక్కి, కాళ్లు ముడుచుకుని పండుకుని కళ్లు మూసుకున్నాడు. కాసేపు లేవలేదు.

"మంచిగున్నదిరా. దవాఖాన నుంచి ఇంటిదాంక పండుకునే రావచ్చు" అన్నాడు దిగుతూ.

"పాతది కదా మామా."

"అంగట్ల మిగిలినయన్ని ముసలియి కావురా. ఎప్పుడు పుట్టిందని కాదు, పనికొస్తదా లేదా చూడు."

అని, బానెట్ మీద అరచెయ్యి వేశాడు. సేల్స్ అబ్బాయికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అర్థమై కూడా ఆ రోజు అడ్వాన్సు కట్టకుండా వచ్చాను.

ఇంటికి రాగానే నా బామ్మర్ది ఎత్తుకున్నాడు. "పోయినేటి మాడల్ ఏంది బావా? ఇయ్యాల కొన్నా రేపు అమ్మబోతే ఏడాది పాతదే అంటరు. కొత్త దాంట్ల పైకప్పు తెరుసుకుంటది. నలుగుట్ల ఇజ్జత్ ఉండొద్దా?" వాణ్ని అనడం దేనికి? వాడు చెప్పకముందే నా మనసు ఆ తెరుచుకునే కప్పు మీదికి పోయింది. తలకాయ బయటపెట్టుకునే సోకు కోసం కొత్త మాడల్ బుక్ చేశాను. రెండు నెలల్లో వస్తుందన్నారు.

మామకు చెప్తే ఆయన తన కుడిచేతిని తిప్పి చూసుకున్నాడు. "అయితే నా చెయ్యి ఉత్తదేనా?" అన్నాడు. "సరే తియ్యి. ఆటో ఏం జేసింది నన్ను" అన్నాడు ఆయనే మళ్లీ.

రెండు నెలలు నాలుగయ్యాయి. ఆటోలో ఇనుప కడ్డీకి తల ఆనించి ఆనించి ఆయన కణత మీద నల్లగా కమిలింది. కిరాయి కారు మాట్లాడతానని ప్రతి వారం అనుకున్నాను. ఎట్లాగూ మనది వస్తుంది కదా అని ప్రతి వారం ఊరుకున్నాను. ఎగతాళి మాత్రం ఆయన మానలేదు. "ఏమిరా, నీ బండి ఇంకా ఈనలేదా?" అనేవాడు. నేను సిగ్గులేకుండా నవ్వేవాణ్ని.

ఆయన పోయిన ఐదో రోజు షోరూము నుంచి ఫోన్. "కంగ్రాట్స్ సార్, మీ బండి వచ్చేసింది!" దినాల నాడు బంతిలో కూర్చుని ముక్క కొరుకుతూ బామ్మర్ది, "పాపం, మామకు ఎక్కే రాత లేదు. కలర్ మాత్రం అదిరింది బావా" అన్నాడు. పక్కవాళ్లు మైలేజీ ఎంతని అడిగారు. నేను చెప్పాను. అదే విస్తరి ముందు, అదే నోటితో చెప్పాను. తర్వాత షోరూముకు పోయి రిబ్బన్ కత్తిరించాను, కేకు కోశాను, అట్టతో చేసిన పెద్ద తాళంచెవి పట్టుకుని ఫొటో దిగాను. అందులో నేను నవ్వుతున్నాను.

మొన్న మామ కాగితాల కోసం ఆ బండిలోనే మహబూబ్‌నగర్ దవాఖానకు పోయాను. వెనక సీటు మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. డయాలసిస్ వార్డు ముందు ఇటుక రంగు బండి ఆగి ఉంది. దగ్గరికి పోయి చూశాను. ఎడమ లైటు పక్కన అదే గీత. వెనక సీటులో ఒక అవ్వ తల కింద మెత్త పెట్టుకుని పండుకుని ఉంది. ఆమె కొడుకు తలుపు మెల్లగా మూసి, నా బండి వైపు చూశాడు.

"కొత్త మాడలా అన్నా? మాది పోయినేటిది. షోరూమ్ల మిగిలిపోతే తెచ్చుకున్నం. అమ్మకు మాత్రం పానం సుకంగున్నది."

అతను ఎక్కి బండి స్టార్ట్ చేశాడు. నేను పక్కకు జరగాల్సింది. జరగలేదు. మామ చెయ్యేసిన చోటే నా అరచెయ్యి వేశాను. చేతి కింద బానెట్ వెచ్చగా, సన్నగా అదురుతోంది. అతను హారన్ కొట్టలేదు. నేను చెయ్యి తీసేదాకా ఆగాడు.